అత్తిబెలె దారి, అయిదు దెబ్బల తాళం

బెంగళూరు నుంచి హోసూరు పోయే పెద్ద రోడ్డు మీద, కర్ణాటక ముగిసే చోట అత్తిబెలె ఉంది. నగరం నడిబొడ్డు నుంచి ముప్ఫయి కిలోమీటర్లకు కాస్త పైమాట, ఆనేకల్ తాలూకా. మన సంఘం సభ్యుల్లో చాలామంది చెన్నైకో సేలానికో పోతూ బస్సు కిటికీలోంచి ఈ ఊరిని చూసినవారే గాని, దిగి చూసినవారు తక్కువ. ఉద్యోగరీత్యా ఈ ప్రాంతానికి వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకున్నవాణ్ణి కనుక దీన్ని గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది. అందులోనే ఒక పియానో వాద్యకారుడి కథ కూడా ఉంది. రెండింటికీ సంబంధం ఏమిటని ఇప్పుడే అడగకండి. దారిలో చెబుతాను.

అత్తిబెలెకు సరిహద్దు కొత్త కాదు. స్వాతంత్ర్యానికి ముందు ఇటు మైసూరు మహారాజావారి సంస్థానం, అటు హోసూరు మద్రాసు ప్రెసిడెన్సీలోని సేలం జిల్లా. ఇప్పుడు ఇటు కర్ణాటక, అటు తమిళనాడు. కాని గీత గీసినవారు ఇళ్ళలోకి తొంగి చూడలేదు. గీతకు రెండు వైపులా తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. వాళ్ళు మనలాగా బదిలీ మీదో, సాఫ్ట్‌వేరు ఉద్యోగం మీదో వచ్చినవారు కాదు. తాతముత్తాతల నుంచీ ఇక్కడ రాగి చేలు దున్నుకున్నవారు. వాళ్ళు కన్నడంలో బేరమాడి, తమిళంలో బాకీ అడిగి, తెలుగులో కోప్పడతారు. మా బ్రాంచి కౌంటరు దగ్గర ఈ మూడూ ఒక్క మనిషి నోటే విన్న రోజులెన్నో.

ఈ రోడ్డు సంగతి కూడా చెప్పుకోవాలి. ఇది శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి పోయే జాతీయ రహదారి. పాతవారికి 7వ నంబరుగా తెలుసు, ఇప్పుడు 44. అత్తిబెలెలో నిలబడి ఉత్తరానికి పోతే బెంగళూరు దాటాక అనంతపురం, కర్నూలు, హైదరాబాదు. దక్షిణానికి పోయి కృష్ణగిరి దగ్గర ఎడమకు తిరిగితే చెన్నపట్నం. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చేదాకా ఇక్కడి పన్నుల చెక్‌పోస్టు దగ్గర లారీలు బారులు తీరేవి. ప్రతి డ్రైవరుకూ మూడు ప్రశ్నలు: ఎక్కడ నుంచి, ఎక్కడికి, లోపల ఏం సరుకు? మూడింటికీ కాగితం మీద జవాబుంటే లారీ కదిలేది. మొదటిదానికి జవాబు లేని లారీ అక్కడే ఉండిపోయేది. ఈ మూడు ప్రశ్నల్నీ కాస్త గుర్తు పెట్టుకోండి.

సుబేదారు గారి లెక్క

ఏటా నవంబరు నెలలో పెన్షనుదారులు బ్యాంకుకు వచ్చి, తాము బతికే ఉన్నామని కాగితం ఇవ్వాలి. అలా వచ్చేవారిలో మా వీధిలోనే ఉండే ఒక సుబేదారు గారున్నారు. చిత్తూరు వైపు మనిషి. సైన్యంలో తుపాకీతో పాటు క్లారినెట్ కూడా పట్టినవారు. పటాలం బ్యాండులో వాయించేవారు. బ్యాండువాళ్ళంటే కవాతులకీ పెళ్ళిళ్ళకీ అనుకుంటాం గాని, యుద్ధం వస్తే స్ట్రెచర్లు మోసి గాయపడ్డవారిని వెనక్కి తెచ్చే పని వాళ్ళదే. 1971లో ఆయన చేసింది అదే. దాన్ని గురించి అడిగితే మాట మార్చేస్తారు.

ఒక నవంబరులో ఫారం నింపుతుంటే, కౌంటరు చెక్క మీద ఆయన వేళ్ళు ఏదో కొడుతున్నాయి. తకిట తక, తకిట తక. "ఎన్ని దెబ్బలు, మేనేజరు గారూ?" అన్నారు. లెక్కపెట్టాను. అయిదు. "మా బ్యాండు మాస్టరు నేర్పించాడు. అమెరికావాళ్ళ పాట, టేక్ ఫైవ్. దాని వెనక పియానో వాయించినాయన కూడా సిపాయే" అని ఫారం నా ముందుకు తోశారు. ఆ సిపాయి పేరు డేవ్ బ్రూబెక్. ఆ సాయంత్రం మొదలుపెట్టి ఆయన జీవితం గురించి దొరికినదల్లా చదివాను.

పశువుల దొడ్డి నుంచి యుద్ధభూమికి

బ్రూబెక్ 1920 డిసెంబరు 6న కాలిఫోర్నియాలోని కాంకర్డ్ అనే ఊళ్ళో పుట్టాడు. తల్లి పియానో టీచరు, తండ్రి పశువుల కాపరి. మన లెక్కలో కాపరి అంటే పది గేదెలు గుర్తుకొస్తాయి. ఆ తండ్రి వేల ఎకరాల పశువుల క్షేత్రానికి మేనేజరు. కుర్రవాడు గుర్రం మీద పశువుల వెంట తిరిగేవాడు. గిట్టల చప్పుడు ఒక లెక్కలో పోతుంటే, మనసులో దాని మీద ఇంకొక లెక్క కట్టుకునేవాడు. నీళ్ళు తోడే ఇంజను పక్కన కూర్చుని దాని దడదడకు ఎదురు తాళం వేసేవాడు. మా అత్తిబెలె చుట్టుపక్కల పంపుసెట్ల చప్పుడు వింటూ పెరిగినవారికి ఈ ముచ్చట వివరించక్కరలేదు.

పుట్టుకతోనే అతని చూపులో దోషం ఉంది. ఆ సాకుతో తల్లి దగ్గర నోట్స్ చదవడం నేర్వకుండా తప్పించుకున్నాడు. పశువుల డాక్టరు కావాలని కాలేజీలో చేరితే, జంతుశాస్త్రం చెప్పే మాస్టరు ఇతని మనసెక్కడుందో కనిపెట్టి, ఎదురుగా ఉన్న సంగీత విభాగానికి పొమ్మన్నాడు. చివరి ఏడాదిలో నోట్స్ చదవడం రాదని బయటపడింది. కొందరు మాస్టర్లు అడ్డుపడి, ఇంత స్వరజ్ఞానం ఉన్నవాణ్ణి పంపేయడం అన్యాయమన్నారు. ఎక్కడా పియానో పాఠాలు చెప్పనని మాట తీసుకుని 1942లో పట్టా ఇచ్చారు. ఆ ఏడే పెళ్ళి. ఆ ఏడే సైన్యం.

1944లో తుపాకీ సిపాయిగా ఫ్రాన్సు చేరాడు. యుద్ధరంగానికి బయలుదేరబోయే ముందు, రెడ్‌క్రాస్ వారు సైనికుల కోసం ఒక వినోద కార్యక్రమం పెట్టి, పియానో వాయించేవారెవరైనా ఉన్నారా అని అడిగారు. బ్రూబెక్ చెయ్యెత్తాడు. అతని వాయింపు విన్న కల్నల్ ఇతణ్ణి ముందుకు పంపవద్దని, బ్యాండు కట్టమని ఆజ్ఞ ఇచ్చాడు. చెయ్యెత్తకపోతే ఏమయ్యేదో ఎవరికెరుక?

ఆ బ్యాండు పేరు వుల్ఫ్ ప్యాక్, అంటే తోడేళ్ళ గుంపు. యుద్ధంలో గాయపడి వచ్చినవారు అందులో ఉన్నారు. అన్నిటికన్న పెద్ద విశేషం, నల్లవారూ తెల్లవారూ కలిసి వాయించారు. ఆనాటి అమెరికా సైన్యంలో నల్లవారి దళాలు వేరు, తెల్లవారి దళాలు వేరు. ఆ పద్ధతిని రద్దు చేస్తూ అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చింది 1948లో. ఈ బ్యాండు నాలుగేళ్ళ ముందే ఆ గీత చెరిపింది.

కాని యుద్ధం ముగిసి అమెరికా గడ్డ మీద కాలు పెట్టిన రోజు ఏమైంది? టెక్సాస్‌లో భోజనశాలలో బ్యాండులోని నల్లవారికి ప్రవేశం లేదన్నారు. వాళ్ళలో ఒకడు, తాను ఇన్నాళ్ళూ ఎందుకోసం పోరాడినట్టు అని కన్నీరు పెట్టుకున్నాడు. ఎనభై ఏళ్ళ వయసులో టెలివిజన్‌లో ఈ సంగతి చెబుతూ బ్రూబెక్ కూడా కన్నీళ్ళు ఆపుకోలేకపోయాడు. చిన్నప్పుడు తండ్రి తనకు చూపించిన ఒక నల్లజాతి వృద్ధుణ్ణి కూడా అక్కడే తలచుకున్నాడు. ఆ మనిషి ఛాతీ మీద, పశువులకు వేసినట్టుగా, కాల్చిన వాత ఉందట.

1958: హైదరాబాదు, మద్రాసు

యుద్ధం నుంచి వచ్చాక ప్రభుత్వం మాజీ సైనికులకిచ్చిన చదువు సాయంతో మిల్స్ కాలేజీలో చేరాడు. గురువు డేరియస్ మియో. నాజీల బారి నుంచి తప్పించుకుని 1940లో అమెరికా చేరిన ఫ్రెంచి యూదు స్వరకర్త. ఆయన శిష్యుణ్ణి జాజ్ వదలవద్దన్నాడు. లోకం చుట్టి చెవులు తెరుచుకుని వినమన్నాడు. శిష్యుడు పెద్దకొడుక్కి గురువు పేరే పెట్టుకున్నాడు.

1951లో పెట్టిన నలుగురి బృందం పేరు తెచ్చింది. 1954 నవంబరులో టైమ్ పత్రిక ముఖచిత్రంగా వేసింది. ఆ పత్రిక పట్టుకుని హోటలు గది తలుపు తట్టి అభినందించినవాడు డ్యూక్ ఎల్లింగ్టన్, బ్రూబెక్ గురువులా భావించే నల్లజాతి విద్వాంసుడు. బ్రూబెక్‌కు సంతోషం కన్న సిగ్గే ఎక్కువైంది. ఆ గౌరవం ముందు ఎల్లింగ్టన్‌ది కావాలని జీవితమంతా చెప్పుకున్నాడు.

ఇక మన దారికి వద్దాం. 1958లో అమెరికా ప్రభుత్వం ఈ బృందాన్ని సాంస్కృతిక రాయబారులుగా పోలండ్, టర్కీ, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, భారతదేశం, సిలోన్, ఇరాన్, ఇరాక్ దేశాలకు పంపింది. బయలుదేరబోయే కొద్ది రోజుల ముందు, ఫిబ్రవరిలో, ఉత్తర కెరొలినాలో ఒక కాలేజీ కచేరీ. బృందంలో బేస్ వాయించే యూజీన్ రైట్ నల్లవాడు కనుక వేదిక ఎక్కరాదన్నారు. అతను లేకపోతే మేమెవరమూ ఎక్కమన్నాడు బ్రూబెక్. హాల్లో విద్యార్థులు కాళ్ళు నేలకేసి కొట్టడం మొదలుపెట్టారు. చివరికి రైట్ వెనకగా ఉండాలన్న షరతు మీద ఒప్పుకున్నారు. రెండో పాటకు బ్రూబెక్ అతనితో, నీ మైకు పాడైంది, ముందుకొచ్చి నా మైకు దగ్గర వాయించు అన్నాడు. మైకు బాగానే ఉంది! తర్వాత 1960లో దక్షిణ రాష్ట్రాల కాలేజీల్లో ఒప్పుకున్న పాతిక కచేరీల్లో ఎక్కువ భాగం ఇదే కారణంగా రద్దయ్యాయి. డబ్బు పోయింది, మాట నిలిచింది.

అలాంటి నలుగురూ ఆ ఏడు వసంతంలో మన దేశం వచ్చి, దిల్లీ, బొంబాయి, కలకత్తాలతో పాటు హైదరాబాదులోనూ మద్రాసులోనూ వాయించారు. అప్పటికి హైదరాబాదు ఆంధ్రప్రదేశ్ రాజధాని అయి రెండేళ్ళు నిండలేదు. మా అత్తిబెలె రోడ్డుకు ఒక కొస హైదరాబాదు, కృష్ణగిరి మలుపు తిరిగితే మద్రాసు అన్నాను గదా. ఆ రెండు ఊళ్ళకూ మధ్య నడిమి మజిలీలో కూర్చుని ఈ కథ రాస్తున్నానన్నమాట.

మద్రాసులో వాళ్ళకు మృదంగ విద్వాంసుడు పళని సుబ్రమణ్య పిళ్ళై గారితో పరిచయమైంది. ఆయన ఎడమచేతివాటం విద్వాంసుడు. బ్రూబెక్ బృందంలో డ్రమ్ములు వాయించే జో మొరెల్లో చూపు బాగా తక్కువ మనిషి. ఒకరి భాష ఒకరికి రాదు. లెక్క మాత్రం ఇద్దరికీ వచ్చు. మన తాళాల్లో అయిదు, ఏడు, తొమ్మిది ఎంత సహజమో ఆ అమెరికా వాద్యకారులు కళ్ళారా చూశారు. వాళ్ళ సంగీతంలో మూడు, నాలుగు తప్ప వేరే లెక్కలు అరుదు.

మనకు ఖండచాపు అంటే అయిదు, మిశ్రచాపు అంటే ఏడు. క్షేత్రయ్య పదాల్లో చాలా వాటికి ఏడక్షరాల త్రిపుటే. అదే ప్రయాణంలో ఇస్తాంబుల్ వీధిలో వాద్యకారులు తొమ్మిది దెబ్బలను రెండు, రెండు, రెండు, మూడుగా విడగొట్టి వాయించడం విని బ్రూబెక్ ఆగిపోయాడు. మరుసటి ఏడు, 1959లో, టైమ్ అవుట్ అనే రికార్డు వచ్చింది. అందులో ఆ తొమ్మిది దెబ్బల పాట ఉంది; అయిదు దెబ్బల టేక్ ఫైవ్ ఉంది. ఇలాంటి లెక్కల మీద ఎవరు డ్యాన్సు చేస్తారని కంపెనీవారు సందేహించారు. అది పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

టేక్ ఫైవ్ కట్టింది బృందంలో సాక్సఫోన్ వాయించే పాల్ డెస్మండ్. 1977లో చనిపోతూ ఆ పాట మీద వచ్చే రాయల్టీని అమెరికన్ రెడ్‌క్రాస్‌కు రాసిపోయాడు. 1944లో పియానో వాయించేవారెవరని అడిగి బ్రూబెక్‌ను కాపాడింది ఆ సంస్థే. బ్యాంకువాణ్ణి కనుక నాకు ఇది ఖాతా సరిపోయినట్టు అనిపించింది.

బ్రూబెక్ 2012 డిసెంబరు 5న, తొంభై రెండో పుట్టినరోజుకు ఒక్క రోజు ముందు కన్నుమూశాడు. పెద్దకొడుకు డేరియస్ 1983లో దక్షిణాఫ్రికాలోని దర్బన్‌కు వెళ్ళి, అక్కడి నాటాల్ విశ్వవిద్యాలయంలో జాజ్ చదువు మొదలుపెట్టాడు. దర్బన్ పేరు వింటే మనవాళ్ళకు చెరకు తోటలకు ఓడలెక్కి పోయిన తెలుగు కూలీలు గుర్తుకు రావాలి. 1931 నుంచీ అక్కడ ఆంధ్ర మహాసభ ఉంది. మనలాంటి సంఘమే, మనకన్న చాలా పెద్దది వయసులో.

బెంగళూరులో పుట్టిన మన ఫిడేలు

ఇదంతా పరాయి కథ అనుకునేవారికి మన కథ ఒకటి. 1893 నవంబరు 8న, దీపావళి నాడు, ఇదే బెంగళూరులో సైన్యంలో పనిచేసే ఒక తెలుగాయన ఇంట్లో మగపిల్లవాడు పుట్టాడు. తర్వాత ఆ కుటుంబం విశాఖపట్నం చేరింది. ఈ పిల్లవాడికీ చూపు తక్కువే. అన్నగారి దగ్గర ఫిడేలు నేర్చాడు. ఫిడేలు ఎక్కడిది? పడమటి దేశాలది. ఆ పిల్లవాడే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. 1919లో విజయనగరం మహారాజావారి సంగీత కళాశాలలో అధ్యాపకులై, 1936లో ప్రిన్సిపాలై, 1941లో సంగీత కళానిధి అయ్యారు. ఇవాళ ఫిడేలు పరాయి వాద్యమని ఎవరైనా అంటే నవ్వుతాం. తెచ్చినవాడెవడన్నది మరచిపోయేంతగా మనవాళ్ళు దాన్ని సాధన చేశారు.

మన సంఘంలో ఏటా ఉగాది ముందు వచ్చే తర్జనభర్జన మీకు తెలిసిందే. పిల్లలు కీబోర్డు మీద పడమటి సంగీతం వాయిస్తామంటే వేదిక ఇవ్వాలా వద్దా? వద్దనేవారిని ఛాందసులని కొట్టిపారేయలేం. వాళ్ళ భయం నిజమైనది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు అయిన పిల్లవాడికి తెలుగు చదవడం, రాయడం రావడం లేదు. ఇంకొక తరం గడిస్తే మాట్లాడడమూ ఉండదేమో. అత్తిబెలె రైతు తెలుగు నిలిచింది ఎందుకంటే అది పొలంలో, పెళ్ళిలో, తగువులో వాడుకలో ఉంది కనుక. మన అపార్టుమెంట్లలో అంత వాడుక ఎక్కడిది?

మా అమ్మాయి పియానో నేర్చుకుంటోంది. సుబేదారు గారి మాట విన్న దగ్గర్నుంచీ టేక్ ఫైవ్ పట్టుకుంది. ఎనభై దాటిన మా అమ్మ వరండాలో కూర్చుని, వేళ్ళ మీద దెబ్బలు లెక్కపెట్టుకుంటూ కొన్నాళ్ళు విన్నది. ఒక రోజు నాతో, "లెక్క మనదేరా అబ్బాయ్, పాట మాత్రం మనది కాదు. ముందు మనది ఒకటి నేర్చుకోమను. తర్వాత దాని ఇష్టం" అంది. మా అమ్మాయి కాస్త మొహం ముడుచుకుంది. అయినా నాయనమ్మ దగ్గర ఒక మంగళహారతి నేర్చుకుంటోంది. సాహిత్యం తెలుగు లిపిలోనే రాసుకోవాలని ముసలావిడ షరతు. ఒత్తులు తప్పులు పోతున్నాయి, దిద్దుతోంది. ఇద్దరికీ రోజూ తగువే. తగువు మాత్రం తెలుగులోనే జరుగుతోంది.

నాకు తోచింది ఇది. చెక్‌పోస్టు దగ్గర లారీని ఆపడం దాన్ని వెనక్కి పంపడానికి కాదు. ఎక్కడ నుంచి బయలుదేరావో చెప్పమని. బ్రూబెక్ ఇస్తాంబుల్ తాళం తీసుకున్నా, మద్రాసు మృదంగం విన్నా, తనది కాలిఫోర్నియా పశువుల దొడ్డి అని, తాను వాయించేది నల్లవారు కన్న సంగీతమని ఎప్పుడూ దాచలేదు. ద్వారం వారి చేతిలో ఫిడేలు త్యాగరాజస్వామిని పలికింది. పిల్లల్ని పియానో దగ్గర నుంచి లేపేస్తే తెలుగు వస్తుందన్న హామీ ఏమీ లేదు. తెలుగు నేర్పకుండా పియానో నేర్పిస్తే, రేపు ఏ వేదిక మీదనైనా మొదటి ప్రశ్న దగ్గరే వాళ్ళు ఆగిపోతారు.

కనుక కార్యవర్గానికి నా మనవి. వచ్చే ఉగాదికి కీబోర్డు పెట్టనివ్వండి. వాయించే ప్రతి పిల్లా పిల్లవాడూ ముందుగా ఒక తెలుగు పద్యమో పాటో చూడకుండా చెప్పాలని, తాను వాయించబోయేది ఎవరిదో తెలుగులో రెండు మాటల్లో పరిచయం చెయ్యాలని నియమం పెట్టండి. సుబేదారు గారు క్లారినెట్ తెస్తామన్నారు. ఇన్నేళ్ళుగా పెట్టెలో ఉందట, రీడు మార్చాలి. హోసూరు వైపు వెళ్ళేవారు ఈలోగా ఒకసారి అత్తిబెలెలో దిగండి. పాత రోడ్డు మీద ఏ టీ కొట్టు దగ్గరైనా తెలుగులో టీ అడిగి చూడండి. జవాబు తెలుగులోనే వస్తుంది.